పద్నాలుగో మంచం దుప్పటి

4, మంగళవారం

ఉద్యోగంలో చేరాను. ఆసుపత్రి లాండ్రీలో, మాసిన బట్టలు వేరు చేసే గదిలో.

ఈ ఉద్యోగానికీ, ఆవిడ ఇదే ఆసుపత్రిలో ఆరో వార్డులో పడుకుని ఉండడానికీ ఏ సంబంధమూ లేదు. పదకొండేళ్ళు రెడీమేడ్ బట్టల కొట్లో పని చేశాను. కొట్టు మూతపడింది. పొట్ట మూతపడలేదు కాబట్టి పని వెతుక్కున్నాను. దొరికింది ఇక్కడ. ఆవిడ ఇక్కడ చేరిందని పక్కింటామె నాకు చెప్పింది ఆదివారం. నేను దరఖాస్తు పెట్టింది సోమవారం. అంతమాత్రాన సంబంధం ఉన్నట్టా?

గది నేలమాళిగలో ఉంది. కిటికీలు లేవు. మూడు ట్యూబ్‌లైట్లు, మధ్యలో పొడుగాటి రేకు బల్ల. పైనుంచి వార్డుల మూటలు దిగుతాయి. నలుగురం బల్ల చుట్టూ నిలబడి విప్పి తొట్లలో వెయ్యాలి. తెల్లవి, రంగువి, ఉన్నివి, మరకలవి, చిరిగినవి. అయిదే తొట్లు. వినడానికి చంటిపిల్లల ఆటలా ఉంది. సాయంత్రానికి నేను వేసిన వాటిలో సగం పెద్దామె మళ్ళీ తీసి వేరే తొట్లో వేసింది.

ఆ పెద్దామెను వెనకాల అందరూ 'ముక్కు' అంటారు. మూట మూతి విప్పకముందే వాసన పట్టి ఏ వార్డుదో చెప్పేస్తుంది. నాకు పని నేర్పాల్సింది ఆవిడే.

"కళ్ళతో చూస్తున్నావు నువ్వు. కళ్ళకి రంగు తప్ప ఏం తెలుసు? చేత్తో చూడు," అంది.

యాభై రెండేళ్ళొచ్చాయి నాకు. చెయ్యెలా వాడాలో ఒకరు చెప్పాలా? ఊరుకున్నాను. మొదటి రోజు కదా.

5, బుధవారం

నడుం పడిపోయింది. ఇంకేం రాయను.

7, శుక్రవారం

ఇవాళ ఒక దిండు గలీబులోంచి కట్టుడు పళ్ళు బయటపడ్డాయి. కెవ్వుమన్నాను. ముక్కు వాటిని కడిగి, కాగితంలో చుట్టి, మూటలు తెచ్చే లిఫ్టాయన చేతిలో పెట్టింది.

"రెండో వార్డు. భోజనాల వేళకి ఇచ్చెయ్యండి. లేకపోతే పాపం ఆ ముసలాయనకి నర్సుల్ని కరవడానికి కూడా ఏమీ ఉండవు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

పని కొంచెం చేతికొస్తోంది. ముందు కొస పట్టుకుని దులపాలి. తర్వాతే లోపల చెయ్యి పెట్టాలి, సూదులుంటాయి. ఏ గుడ్డనైనా ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు వదిలెయ్యాలి. "పట్టుకుని నిలబడితే ఇది ఎవరిదా అనిపిస్తుంది. అనిపించిందా, ఇక నువ్వు ఇక్కడ పని చెయ్యలేవు," అంటుంది ముక్కు.

మిగతా ఇద్దరూ ఆవిడని అక్కా అని పిలుస్తారు. వయసులో పెద్ద, పిలుస్తారు, అందులో వింతేముంది. నేను మాత్రం ఏమండీ అంటున్నాను. టీ తాగుతుంటే అడిగేసింది.

"ఏంటమ్మా, నేనేమన్నా నీ మొగుణ్ణా? పొద్దున్నించీ ఏమండీ ఏమండీ అని చంపుతున్నావు. అక్కా అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

నవ్వేసి ఊరుకున్నాను. ఆ మాట నా నోటికి రాదు. ఆరేళ్ళయింది ఎవర్నయినా అలా పిలిచి. కూరలమ్మే ఆమెను కూడా పిలవను.

8, శనివారం

ఇవాళ ముడి వచ్చింది.

మూటల మధ్య ఒక దుప్పటి వేరుగా, నాలుగు కొసలూ కలిపి ముడేసి ఉంది. నేను చెయ్యి వెయ్యబోతే ముక్కు నా మణికట్టు పట్టుకుంది. పైన ఎవరైనా పోతే వాళ్ళ ఆఖరి దుప్పటిలోనే గౌనూ, గలీబూ వేసి నర్సులు అలా ముడేసి పంపుతారట. ఎవరూ పెట్టిన రూలు కాదు, ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. ఆ ముడి విప్పేది ఒక్కరే. విప్పుతున్నంతసేపూ మిగతావాళ్ళు చేతులాపి నిలబడతారు. ఎవరూ మాట్లాడరు.

ముక్కు విప్పింది. దులిపింది. తెల్లవి తెల్లవాటిలో, గౌను రంగువాటిలో. అన్నిటిలాగే. తర్వాత "ఊఁ, కానివ్వండి" అంది.

కొత్తవాళ్ళకి ముడి ఇవ్వరట. "నీకు ఇంకా టైముందిలే," అంది నాతో.

నాకేం అక్కర్లేదన్నాను.

11, మంగళవారం

ఇవాళ నన్ను ఆరో వార్డు మూటల వైపు నిలబెట్టారు. నేను అడగలేదు. (అడిగాను. కానీ మామూలుగా అడిగాను.)

ఆరో వార్డులో ఉండేది నెలల తరబడి ఉండేవాళ్ళు. అందుకని వాళ్ళ దుప్పట్ల మూల మంచం నంబరు కుట్టి ఉంటుంది. మంచానికి రెండు దుప్పట్లు. ఒకటి కిందికొస్తే రెండోది పైన పరుస్తారు. ఉతికింది మళ్ళీ అదే మంచానికి వెళ్తుంది.

దుప్పటి తీసి దులుపుతుంటే అంచు దగ్గర వేలికి ఏదో తగిలింది. అంచులో దారాలు పీకి, మిగిలినవాటిని మూడు పాయలు చేసి సన్నటి జడ అల్లి ఉంది. నా చిటికెన వేలంత.

"ఇదిగో, మళ్ళీ. పద్నాలుగో మంచం," అని విసుక్కుంది ముక్కు. "రెండు వారాలుగా ఇదే గోల. ఎవరో మహాతల్లి దుప్పటికి జడలేస్తోంది. చిరిగిన తొట్లో వెయ్యి, దర్జీ చూసుకుంటాడు."

వెయ్యలేదు. తెల్లవాటిలో వేశాను.

చిన్నప్పుడు మా ఇంట్లో అంచు సవ్యంగా ఉన్న గుడ్డ ఒక్కటి కూడా ఉండేది కాదు. ఆవిడ ఏదైనా ఆలోచిస్తూ కూర్చుంటే చాలు, చేతులు వాటంతటవే తువ్వాళ్ళకీ, కర్టెన్లకీ జడలేసేవి. అమ్మ తిట్టీ తిట్టీ అలిసిపోయింది. ఎప్పుడూ మూడు పాయలే. నాలుగు పాయలు ఆవిడకి చచ్చినా రాలేదు. నాలుగు పాయలు నేను సొంతంగా నేర్చుకున్నాను. ఒక్కరికే నేర్పాను. ఆ ఒక్కరి సంగతి ఇక్కడ రాయదల్చుకోలేదు.

12, బుధవారం

రాస్తాను. ఈ పుస్తకం ఎవరు చదువుతారు కనక.

ఆయన పోయాక నా కూతుర్ని ఒంటి చేత్తో పెంచాను. ఆరేళ్ళ కిందట అది నేను వద్దన్న వాణ్ణే చేసుకుంటానని సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. వెళ్ళింది ఎక్కడికి? ఆవిడ ఇంటికి. ఆవిడ తలుపు తీసింది, పక్క పరిచింది, రిజిస్టరు ఆఫీసులో సాక్షి సంతకం కూడా పెట్టింది. సొంత చెల్లెలికి ఒక్క మాట చెప్పకుండా.

నేను వాళ్ళ గుమ్మంలో నిలబడి, వీధి వీధంతా వినేలా అన్నాను. "నువ్వు చచ్చినా నీ గడప తొక్కను."

ఆవిడ చేతిలో తువ్వాలు అంచు పీకుతూ నిలబడింది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నాది జారలేదు. కావాలనే అన్నాను. అందుకే ఇంకా కష్టం.

14, శుక్రవారం

పద్నాలుగో మంచం దుప్పటి వచ్చింది. జడ పొట్టిగా ఉంది, వదులుగా ఉంది. కిందటిసారి గట్టిగా ఉండేది.

భోజనాల వేళ అందరూ బయటికెళ్ళాక గ్లౌజులు తీసేశాను. తియ్యకూడదు, తెలుసు. ఆవిడ జడ పక్కన నాలుగు దారాలు పీకి ఇంకో జడ అల్లాను. మూడు పాయలే వేశాను, చిన్నప్పుడు తను నేర్పినట్టు. తెల్లవాటిలో వేసేశాను.

ఎందుకు చేశానో తెలియదు. చేతులు ఊరుకోలేదు.

16, ఆదివారం

సెలవు. ఇంట్లో బట్టలన్నీ ఉతికాను. ఉతికినవే మళ్ళీ ఉతికాను.

18, మంగళవారం

జవాబు వచ్చింది!

నేను వేసిన జడా, ఆవిడ జడా రెండూ కలిపి చివర్న దారంతో కట్టి ఉన్నాయి. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ముక్కు నా వంక ఒకసారి చూసి ఇంకో మూట విప్పింది.

నేనిక్కడ ఉన్నానని ఆవిడకి తెలిసిపోయింది. నా చెయ్యి పోల్చుకుంది. పోల్చుకోదా మరి, ఆ చెయ్యి పట్టుకుని అల్లడం నేర్పింది తనే కదా.

ఇంక పైకి వెళ్ళాల్సిన పనేముంది? మాట్లాడుకుంటూనే ఉన్నాం. అన్న మాటా పోలేదు, మనిషీ దూరం కాలేదు. ఇంత మంచి ఏర్పాటు ఎవరికి దొరుకుతుంది. ఇంకో జడ వేసి పంపాను.

19, బుధవారం

చేతికి కళ్ళొచ్చాయని ముక్కు అందరి ముందూ అంది. నేను తీసి వేసినవాటిలో ఇవాళ ఒక్కటి కూడా తప్పు లేదు.

21, శుక్రవారం

ఇవాళ వచ్చిన జడ నాలుగు పాయలది.

ఎంత బాగా అల్లిందో. గట్టిగా, సమంగా, చివర్న దారం కిందినుంచి ఎడమకి తిప్పి బిగించి. అక్క ఇన్నాళ్ళకి నాలుగు పాయలు నేర్చుకుంది. మంచం మీద పడుకుని ఏం తోస్తుంది, నేర్చుకుని ఉంటుంది. చేతికి బలం వచ్చింది కాబట్టే ఇంత బిగువుగా వచ్చింది. కోలుకుంటోంది.

కోలుకుంటోంది. ఇంటికి పంపించేశాక అప్పుడు ఆలోచిస్తాను.

(అక్క అని రాసేశాను. కొట్టెయ్యబోయి ఊరుకున్నాను.)

22, శనివారం

చివర్న కిందినుంచి ఎడమకి తిప్పడం నేను కనిపెట్టింది. పుస్తకాల్లో ఉండదు.

ఎవరో నర్సు నేర్పి ఉంటుంది.

24, సోమవారం

పొద్దున లిఫ్టాయన మూటలు దించుతూ తనంతట తనే చెప్పాడు. నేను అడగలేదు. నిజంగానే అడగలేదు.

"ఆ పద్నాలుగో మంచం అమ్మాయికి ఇవాళ సిస్టరు గట్టిగా చీవాట్లు పెట్టిందమ్మా. ఆసుపత్రి దుప్పట్లు పాడు చేస్తున్నావేంటని."

"అమ్మాయా?" అన్నాను.

"పక్కన కూర్చుంటుంది, రోజూ. ఆ పెద్దావిడకి చేతులు పడిపోయి వారం దాటింది కదా. మంచినీళ్ళు కూడా చెంచాతోనే. మరి ఈ జడలు ఎవరు వేస్తున్నారనుకున్నారు?"

నేను గౌనుని ఉన్నివాటిలో వేశాను. ముక్కు నోరెత్తకుండా తీసి రంగువాటిలో వేసింది.

నా వేళ్ళకి శుక్రవారమే తెలుసు. ఆ చెయ్యికి నాలుగు పాయలు నేర్పింది నేను. దానికి ఏడేళ్ళప్పుడు, నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఒక పాత కుర్చీకి నాలుగు తాళ్ళు కట్టి. పాతిక రకాల గుడ్డల్ని కళ్ళు మూసుకుని పోల్చగలను గానీ, కన్నకూతురి చేతిని పోల్చడానికి మూడు రోజులు మొరాయించాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఎప్పుడూ అంతే.

ఈ వారమంతా నేను మాట్లాడింది అక్కతో కాదు. ఆరేళ్ళుగా మాట్లాడని నా కూతురితో.

25, మంగళవారం

డ్యూటీ దిగాక పైకి వెళ్ళాను.

మెట్లెక్కే వెళ్ళాను, మూడంతస్తులూ. లిఫ్టయితే తొందరగా చేరిపోతానని. ఆరో వార్డు తలుపుకి అద్దం ఉంది. అద్దంలోంచి వీపు కనిపించింది. చిక్కిపోయింది నా పిల్ల. వంగి అక్క తల దువ్వుతోంది. అక్క మొహం కనబడలేదు, దిండు మీద తెల్లటి వెంట్రుకలు మాత్రం కనిపించాయి. ఎప్పుడు అంత తెల్లబడ్డాయో.

కిందికి చూశాను. ఆసుపత్రి తలుపులకి గడప ఉండదు. బండ్లు తిరగాలి కదా, నున్నటి నేల. తొక్కడానికి గడపే లేదు, ఇంక మాట తప్పేదెక్కడ? ఒక్క అడుగు.

ముందు ఎవరు మాట్లాడాలి? ఏమని మాట్లాడాలి? నా ఒళ్ళంతా మాసిన బట్టల వాసన. ఆరేళ్ళ తర్వాత ఈ వాసనతోనా వెళ్ళడం?

వెనక్కొచ్చేశాను. రేపు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన నీలం బట్టలు వేసుకుని, డ్యూటీకి ముందే వెళ్తాను. అయిదు నిమిషాలు చాలు. ముందు అక్కా అంటాను. మిగతాది అదే వస్తుంది.

26, బుధవారం

లేచేసరికి ఆలస్యమైంది. సాయంత్రం వెళ్దామనుకుని నేరుగా పనికి పోయాను.

పదింటికి ముడి వచ్చింది.

28, శుక్రవారం

బుధవారం అక్కడే ఆపేశాను, నిన్న అసలు రాయలేదు. ఇవాళ రాసెయ్యాలి, లేకపోతే ఎప్పటికీ రాయను.

లిఫ్టాయన ముడిని మిగతా మూటల మీద పెట్టలేదు. చేతుల్లో పట్టుకొచ్చి బల్ల చివర పెట్టాడు. నా వంక చూడలేదు. ముక్కు దాన్ని తన వైపు లాక్కోబోయింది. కొస మీద కుట్టిన నంబరు నాకు ఎదురుగా ఉంది. ముడి బయటికి ఒక జడ తోకలా వేలాడుతోంది.

"అది నాకివ్వు, అక్కా," అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో. ఆరేళ్ళు గొంతుకడ్డం పడి ఉన్నది, ముందు రోజు మూడంతస్తులెక్కినా బయటికి రానిది, నోరు తెరవగానే వచ్చేసింది. వినాల్సిన మనిషి తప్ప అందరూ విన్నారు.

ముక్కు చెయ్యి తీసేసింది. అందరూ ఆగిపోయారు. పక్కగదిలో మెషిన్లు తిరుగుతున్నాయి, అంతే.

గ్లౌజులు తీసేసి విప్పాను. దుప్పటి, గౌను, గలీబు. దుప్పటి అంచంతా జడలు. నావి మూడు పాయలవి, పిల్లవి నాలుగు పాయలవి. అన్నిటికీ చివర్న, మూల దగ్గర, ఇంకోటి తగిలింది. మూడు పాయలు. వదులుగా, వంకరగా, సగంలో వదిలేసి ఉంది. ఎవరిదని నేను కళ్ళని అడగలేదు.

దాన్ని ఒకటి, రెండు కాదు, చాలాసేపు పట్టుకున్నాను.

తర్వాత దులిపాను. దుప్పటి తెల్లవాటిలో వేశాను. గౌను జేబులు చూశాను, ఏమీ లేవు. రంగువాటిలో వేశాను. గలీబుకి కన్నీటి మరకలా, మందు మరకలా ఏదో ఉంది, మరకల తొట్లో వేశాను. ఒక్కటి కూడా తప్పు వెయ్యలేదు. మా అక్క ఆఖరి బట్టలు నా చేత్తో వేరు చేశాను. అప్పుడు ముక్కు "కానివ్వండి" అనలేదు. నేను అనేదాకా ఆగింది. నేను అనలేకపోయాను.

కాసేపటికి అరలోంచి ఉతికిన దుప్పటి ఒకటి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. పద్నాలుగు. రెండోది.

"సాయంత్రానికి ఆ మంచం మీదకి ఇంకొకరొస్తారు. పరవాలి. నువ్వే తీసుకెళ్ళు."

"నీకు తెలుసా?"

"చిరిగిన తొట్లో వెయ్యాల్సింది రోజూ తెల్లవాటిలో వేస్తుంటే, నాకు ముక్కు తప్ప కళ్ళు లేవనుకున్నావా? ఏదో ఒక రోజు నువ్వే వెళ్తావులే అనుకున్నాను. మెడ పట్టి గెంటాల్సింది నిన్ను. నాదే తప్పు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "వెళ్ళమ్మా. చేతులు కాలాక ఆకులే గానీ, అవైనా పట్టుకో."

ఈసారి లిఫ్టులో వెళ్ళాను. తలుపు దగ్గర ఆగలేదు. చచ్చినా రానన్నాను. చచ్చాకే వచ్చాను. ఆ మాటయినా సరిగ్గా నిలబెట్టుకోలేదు.

అక్కని అప్పటికే తీసుకెళ్ళిపోయారు. ఉత్త పరుపు. పక్కన స్టూలు మీద నా కూతురు. చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. దాని మొహంలో నేను అనుకున్నంత కోపం లేదు. కోపానికి కూడా ఓపిక లేనట్టుంది.

"మొదటి జడకే పోల్చుకుంది పెద్దమ్మ," అంది, పరుపు వంక చూస్తూనే. "మీ అమ్మ కిందే ఉంది అంది. నేను దిగొస్తానంటే ఒప్పుకోలేదు. అదే రావాలి, అదే వస్తుంది అంది. నా చేతులు పోయాయి, నువ్వు అల్లుతూ ఉండు, మనం ఆపేస్తే వెళ్ళిపోయిందనుకుంటుంది అంది."

నేను దుప్పటిని ఇంకా దగ్గరికి హత్తుకున్నాను.

"నిన్న తలుపు దగ్గర ఎవరో ఉన్నారు అంది. నేను తిరిగి చూసేసరికి ఎవరూ లేరు. అది చెప్పాక దుప్పటి మూల చేతిలో పెట్టమంది. ఏదో అల్లబోయింది."

మంచం కమ్మీ పట్టుకున్నాను. నేను వెనక్కి తిరిగి మెట్లు దిగుతున్నంతసేపూ, స్నానం గురించీ నీలం బట్టల గురించీ ఆలోచిస్తున్నంతసేపూ, అక్క ఆ మూడు పాయలతో కుస్తీ పడుతూ ఉంది. నేను వచ్చానని తనకి తెలుసు. వెళ్ళిపోయానని కూడా తెలుసు. ఇది ఏ నీళ్ళతో ఉతికినా పోయేది కాదు.

వార్డు అవతలి వైపు ఎవరో దగ్గుతున్నారు. సిస్టరు వచ్చి, ఇద్దర్నీ చూసి వెళ్ళిపోయింది. దుప్పటి ఇంకా నా చేతుల్లోనే ఉంది. నలిగిపోతోంది.

నా కూతురు లేచింది. నా చేతుల్లోంచి దుప్పటి తీసుకుంది. మడతలు విప్పి ఒక్కసారి దులిపింది, నేను ఈ నెలంతా నేర్చుకున్నట్టే, ఎవరూ నేర్పకుండానే. రెండు కొసలు తను పట్టుకుంది. మిగతా రెండూ నా వైపు విసిరింది.

"పట్టుకో అమ్మా," అంది.

పట్టుకున్నాను.